పట్టా లేని గింజ

మా మేనమామ ఏ వడ్లగింజ కనపడినా ముందు పంటితో కొరికి చూసేవాడు. తోటపల్లి గూడూరు ఉప్పుగాలికి పడిపోకుండా నిలిచిన వెన్నులను ఏటా ఏరి, పదేళ్లకు ఒక కొత్త వంగడం తీశాడు. అడిగిన వాళ్లందరికీ దోసెడు విత్తనాలు పెట్టాడు. వ్యవసాయాఫీసరుకూ పెట్టాడు.

పొలం గట్టు జానెడు జరిగితే కోర్టుకెక్కే ఊరు మాది. 1960ల్లో గింజకు పట్టా ఇచ్చే చట్టం మాత్రం లేదు.

మూడేళ్లకు ఆ ఆఫీసరు మహానుభావుడే సీలు వేసిన సంచీతో వచ్చాడు. సంచీ మీద ఒక నంబరు, దాని కింద ఆయన పేరు.

"నేను కనిపెట్టిన కొత్త రకం. ఎలా పండించాలో నేర్పిస్తా," అన్నాడు.

మామ చేతులు కట్టుకొని పాఠమంతా బుద్ధిగా విన్నాడు. తర్వాత సంచీలోంచి ఒక గింజ తీసి కొరికాడు.

"బిడ్డ మాదే సార్. బారసాల మీరు ఘనంగానే చేసినారు గానీ, మమ్మల్నే పిలవలా!"