ఎవరి లైన్ క్లియర్ వాళ్లదే

మా బాపు రైల్వేలో పాయింట్స్‌మన్‌గా చేరి, కేసముద్రం స్టేషన్ మాస్టరై రిటైరయ్యాడు. నేను జనగామ వైపు ఒక పల్లె సబ్‌స్టేషన్లో ఆపరేటర్ని. తండ్రీకొడుకులం ఇద్దరం ఒకే మాట మీద బతికాం. లైన్ క్లియర్. రైల్వేలో ఆ మాటకు అర్థం, పట్టా ఖాళీగా ఉంది, బండిని పంపొచ్చు అని. మా కరెంటు పనిలో ఆ మాటకు అర్థం, తీగలో కరెంటు తీసేశాం, మనిషి స్తంభం ఎక్కొచ్చు అని. ఆయన లైన్ క్లియర్ ఇస్తే బండి కదిలేది. నేను ఇస్తే కరెంటు ఆగుతుంది.

తమ్ముడు భూపాలపల్లిలో బొగ్గుబాయి దిగుతాడు. వాడికి లైనంటే సర్వేయరు బాయి కప్పు మీద సున్నంతో పెట్టే గుర్తు. దాని వెంబడే తవ్వుకుంటూ పోవాలి. మా ఇంటావిడకు లైనంటే యూరియా కోసం నర్మెట్టలో తెల్లారకముందే వరుసలో తన వంతుకు చెప్పులు పెట్టి రావడం. పక్కింటి పోరడు బస్టాండులో వేసే లైను ఇంకో రకం, దాని సంగతి వాళ్లమ్మను అడగాలి. పండుగకో పబ్బానికో అందరం కలిస్తే బాపు నన్నే ఆటపట్టించేవాడు.

"బండే రాని లైన్ క్లియర్ ఏం లైన్ క్లియర్‌రా నీది?"

ఒకసారి మాత్రం నవ్వకుండా అడిగాడు. పని అయిపోయాక లైన్‌మన్ నీకెట్ల చెప్తడు అని. ఫోన్ చేసి అయిపోయిందంటాడు, నేను కరెంటు ఇస్తాను అన్నాను.

"ఉత్త గొంతు మీదనే ఇస్తవా?"

"రోజూ వినే గొంతే గదా బాపూ."

"పక్క స్టేషనోని గొంతు మాకు ఇరవై ఏండ్ల సంది ఎర్కనే. అయినా ఆ బండికని ఇచ్చిన నంబర్ చెప్పకుంటే బండి కదలకపోయేది. గొంతు నమ్మి బండి ఇడుస్తార్రా ఎవలన్న?"

ఆ మాట నా బుర్రలో ముల్లులా దిగింది. మర్నాటి నుంచే మొదలుపెట్టాను. ఎవరు లైన్ క్లియర్ తీసుకున్నా పుస్తకంలో రాసి ఒక నంబరు చెప్పేవాణ్ని. పనయ్యాక అదే మనిషి ఫోన్ చేసి అదే నంబరు చెబితేనే కరెంటు. లైన్‌మన్లు నాకు రైల్వే సారని పేరు పెట్టారు. పెట్టుకోనీ అనుకున్నాను. నాకు కోపం ముక్కు మీదుంటుంది, మొండితనం దానికి తోడు.

మా దగ్గర ఒక పెద్ద లైన్‌మన్ ఉండేవాడు. ముప్పై ఏండ్ల సర్వీసు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఫ్యూజు కట్టడం నేర్పిందీ ఆయనే. అన్నా అనేవాణ్ని, తమ్మీ అనేవాడు. ఒకరోజు పని అయిపోయిందని ఫోన్ చేశాడు. నంబరు అడిగాను. గుర్తులేదన్నాడు. గుర్తొచ్చినప్పుడు చెప్పమని ఫోన్ పెట్టేశాను. ఆయన చుట్టూ రైతులున్నారట. ఆయన జేబులన్నీ తడుముకుంటుంటే వాళ్లు నవ్వారట. పావుగంట తర్వాత సిగరెట్ డబ్బా మీద రాసుకున్న నంబరు దొరికింది, చెప్పాడు, కరెంటు ఇచ్చాను. సాయంత్రం సబ్‌స్టేషన్ గేటు దగ్గర నిలబడి ఒక్కటే అన్నాడు.

"నా గొంతు గుర్తువట్టనోనితోని నాకు మాటలేంది?"

అప్పటి నుంచి మా మధ్య మాటల్లేవు. నెలలు గడిచాయి. ఆయన లైన్ క్లియర్ కోసం నాకు ఫోన్ చేయడం మానేశాడు. అదే లైన్ మీద ఇంకెవరైనా పని చేస్తుంటే, వాళ్లు తీసుకున్న దాని మీదనే తనూ స్తంభం ఎక్కేవాడు. తీగకు గొలుసు తగిలించి భూమికి కలిపితే, పొరపాటున కరెంటు వచ్చినా ప్రాణం దక్కుతుంది. ఆ అలవాటు ఆయనకు మొదటి నుంచీ లేదు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. ఆయనే దిగి రావాలి, ఆయనే ముందు మాట్లాడాలి అనుకున్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

యాసంగి పంట రోజుల్లో ఒక తెల్లవారుజామున వాన చుక్క లేకుండా గాలిదుమారం కొట్టింది. వరి పొట్టకొచ్చి ఉంది. ఒక లైన్ మీద తీగలు తెగాయి, స్తంభాలు వంగాయి. చిన్న లైన్‌మన్ ఒకతను ఫోన్ చేసి లైన్ క్లియర్ తీసుకున్నాడు. ఆ లైనుకు కరెంటు ఇచ్చే బ్రేకర్ ఆపి, పుస్తకంలో రాసి, నంబరు చెప్పాను. పదకొండు దాటేసరికి సబ్‌స్టేషన్ ముందు నలభై యాభై మంది చేరారు. గేటు దాటి, కంట్రోల్ రూం మెట్ల దాకా వచ్చేశారు.

"ఎంతసేపు సారూ, పొలం నెర్రెలు వడ్తుంది!"

"లోపట ఫ్యాన్ కింద కూసున్నోనికి ఎండ ఎట్ల ఎరుకైతది?"

వాళ్ల కోపం న్యాయమే. కానీ ఆ అరుపులకు నా తల దిమ్మెక్కిపోయింది. అప్పుడే ఫోన్ మోగింది. చిన్న లైన్‌మన్.

"అన్నా, తీగ కట్టిన. అందరం దూరం ఉన్నం. ఇయ్యి."

నంబరు అడిగాను. తడుముకోకుండా చెప్పాడు. పుస్తకంలో చూసుకున్నాను. సరిగ్గా అదే. గొంతూ అతనిదే. టైం రాసి, సంతకం పెట్టి, బ్రేకర్ దగ్గరికి నడిచాను. ఇక తిప్పడమే.

మెట్ల మీద ఇద్దరు కొట్లాడుకుంటున్నారు. ఒక ముసలవ్వ, ఒక నడివయసు రైతు. అవ్వ గొంతు అందరికంటే పైన వినబడుతోంది.

"మా దిక్కు ఒక్కడన్న రాకపాయె. మీ బాయికాడికైతే పెద్ద లైన్‌మనే వచ్చిండు. ఇప్పుడే జూసుకుంట వచ్చిన, స్తంభం మీదనే ఉన్నడు."

నా చెయ్యి బ్రేకర్ హ్యాండిల్ మీద ఉంది. తీసేశాను. మెట్ల వైపు ఉరికాను.

"ఏ బాయి అవ్వా? ఏ లైను?"

చెప్పింది. అదే లైను.

పెద్దాయనకు ఫోన్ చేశాను. రెండుసార్లు మోగి కట్ అయింది. మళ్లీ చేశాను. మోగగానే కట్ చేశాడు. మూడోసారి స్విచాఫ్. చిన్న లైన్‌మన్‌కు చేశాను.

"నీ లైన్ క్లియర్ మీద ఇంకెవలన్న ఎక్కిండ్రా?"

"ఎందుకన్నా?" అన్నాడు.

"అరేయ్, చెప్పు!"

"అన్నా... పొద్దుగాల పెద్దాయన అడిగిండు. నీ దాని మీదనే ఎక్కుతా, దిగినంక చెప్తా అన్నడు. నేను... నేను మర్సిపోయిన అన్నా."

అతను ఏడుస్తున్నాడు. బండి తీసుకుని అక్కడికి పొమ్మని అరిచాను. నేను కంట్రోల్ రూం తలుపుకు లోపల గొళ్లెం పెట్టి బ్రేకర్ ముందు నిలబడ్డాను. జనం తలుపు బాదుతున్నారు. ఎవరో కిటికీలోంచి నా తల్లిని తిట్టారు. ఒకాయన పై ఆఫీసుకు ఫోన్ చేసి కిటికీ ఊచల్లోంచి నాకు అందించాడు, అక్కడి నుంచి కూడా అదే మాట, పనైపోయిందని ఫోన్ వచ్చిందంట గదా, ఇంకా ఎందుకు ఇస్తలేవు అని. మనిషి పైన ఉన్నాడు సార్ అన్నాను. ఫోన్ తిరిగి ఇచ్చేశాను. ఆ లోపల ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలియదు. ఇద్దరు ముగ్గురు దేవుళ్లకు మొక్కాను, ఏం మొక్కానో గుర్తులేదు.

ఫోన్ మోగింది. పెద్దాయన పేరు.

"తమ్మీ," అన్నాడు. నెలల తర్వాత ఆ పిలుపు. "దిగిన. ఇగ ఇయ్యి."

నేను నంబరు అడగలేదు. అడగడానికి ఆయన దగ్గర నంబరు లేదు. పక్కనున్న చిన్నోని చేత కూడా ఫోన్‌లో అనిపించుకుని, మిగతా స్తంభాల మీద ఎవరూ లేరని రెండుసార్లు అడిగి, బ్రేకర్ తిప్పాను. బయట జనం అరుపులు ఆగి, తలా ఒక దిక్కు మోటార్ల దగ్గరికి ఉరికారు. అవ్వ ఎప్పుడు వెళ్లిపోయిందో చూడలేదు.

కూర్చుని పుస్తకం ముందు పెట్టుకున్నాను. ఒక వరుస. తీసుకున్న టైం, నంబరు, తిరిగి ఇచ్చిన టైం, నా సంతకం. అన్నీ సరిగ్గా ఉన్నాయి. అప్పుడే బ్రేకర్ తిప్పి ఉన్నా ఈ వరుస ఇట్లనే ఉండేది. ఎంక్వైరీకి ఎవరొచ్చినా నా మీద ఈగ వాలేది కాదు.

డ్యూటీ దిగి ఇంటికి పోలేదు. తిన్నగా పెద్దాయన ఊరు లింగాల ఘనపూర్ పోయాను. పెద్దాయన వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు, పక్కకు జరిగాడు. కూర్చున్నాను. చిన్నగా అన్నాడు.

"నీ పేరు జూసి కట్ జేసిన. చేసుకోనీ, ఎంతసేపు చేసుకుంటవో చేసుకో అని. పైన ఉండి నవ్వుకున్న గూడ."

"నువ్వు వేరేటోళ్ల లైన్ క్లియర్ మీద ఎక్కుతున్నవని నాకు ఎర్కనే అన్నా. ఎర్కుండి సప్పుడు చేయలే."

ఆయన నా వైపు చూడలేదు. లుంగీ అంచు వేళ్లకు చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నాడు. రేపటి నుంచి నేనే ఫోన్ చేస్త తియ్యి అన్నాడు.

వదినె లోపలి నుంచి రెండు కంచాలు తెచ్చింది. జరిగిన సంగతి ఆయన ఇంట్లో చెప్పలేదని ఆమె ముఖం చూస్తేనే తెలిసింది. నేను చాలా రోజులకు వచ్చానని సంతోషపడింది. మాటలు బందయినయంటే నమ్మలే తమ్మీ, మీ ఇద్దరికి ఏం పంచాయితీ ఉంటది అంది.

"గీయన జూడు, వచ్చినకాడ్నుంచి అన్నం వద్దంటుండు. నోట్ల మాట లేదు. జర నువ్వన్న చెప్పు."

అంటూనే నా కంచంలో అన్నం పెట్టింది, పప్పు పోసింది, చాలు వదినె అంటే వినకుండా ఇంకో గరిటె వేసింది. ఆమె చేతి గాజులు కంచానికి తగులుతున్నాయి. నేను తలెత్తలేదు. ఆమె ఎదురుగా కూర్చుని విసనకర్రతో విసురుతుంటే, మింగుడు పడకపోయినా, పెట్టిందంతా తిన్నాను.