నిచ్చెన పట్టుకున్న ఫస్ట్ ర్యాంకు

మా వీధి చివరి ఇంటి ప్రహరీకి నిన్న సున్నం వేశారు. ఇప్పుడందరూ రంగులే వేయిస్తున్నారు గనుక, నీలిమందు కలిపిన తడి సున్నం వాసన నాకు తగిలి చాలా ఏళ్ళయింది. రాజమండ్రిలో నేను హాస్టల్లో ఉండి చదువుకున్న కాన్వెంటు బడిలో డిసెంబరు ఎనిమిదిన మరియమాత పేరున నిష్కళంక మాత పండుగ జరిగేది. దానికి ముందు వారమంతా ఆవరణలో ఇదే వాసన. గోదావరి నీటిమట్టాలు నమోదు చేసే ఉద్యోగంలో తల నెరిసినదాన్ని. తేదీ లేని జ్ఞాపకాన్ని నేను నమ్మను. దీనికి తేదీ ఉంది కనుక, మా హెడ్మిస్ట్రెస్ సిస్టర్ ఫిలోమినా గారిని ఎన్నడూ చూడనివారి కోసం రాస్తున్నాను.

మేము లూథరన్లం, అంటే విగ్రహాలకు మొక్కని ప్రొటెస్టంటు క్రైస్తవులం. నాన్న నిడదవోలు దగ్గర పల్లెలో మిషన్ ప్రాథమిక పాఠశాల టీచరు. కాన్వెంటులో మొదటి పీరియడు కేథలిక్ పిల్లలకు సత్యోపదేశం, హిందువుల పిల్లలకు నీతిబోధ. నేను చేరిన రోజున ఏ గదిలోకి వెళ్ళాలో తెలియక వరండాలోనే నిలబడిపోయాను. సన్నగా, పొడుగ్గా, నడకలో చప్పుడు లేని సిస్టర్ గారు నా ఎదుట ఆగి సంగతి కనుక్కున్నారు. తరవాత తన గది ముందు ఒక బల్ల వేయించి, "నీ బైబిలు నీ దగ్గరుందిగా, ఇక్కడ కూర్చుని చదువుకో. పాట వస్తే పాడుకో గాని మెల్లగా పాడు. పక్క గదిలో వాళ్ళకి మీ పాటే బాగుందనిపిస్తే నాకు ఇబ్బంది" అన్నారు. ఆ బల్ల నేను బడి వదిలేదాకా అక్కడే ఉంది.

ఆ బడికొక ఆచారం ఉండేది. పదో తరగతి క్వార్టర్లీ పరీక్షల్లో మొదటి ర్యాంకు వచ్చిన అమ్మాయి పండుగనాడు నిచ్చెన ఎక్కి, చాపెల్ వాకిలి పైన గూటిలో ఉన్న మరియమాత విగ్రహానికి పూలకిరీటం పెట్టాలి. ఇది ఎప్పుడు మొదలైందో చెప్పే ఆధారం నాకు దొరకలేదు, అందుచేత చెప్పను. అప్పటివరకు హిందువుల అమ్మాయిలు ఎందరో సంతోషంగా పెట్టారని మాత్రం విన్నాను. ఆ ఏడు మొదటి ర్యాంకు నాది. క్రైస్తవుల పిల్లే గదా, ఇక చిక్కేముందని సిస్టర్లందరూ అనుకున్నారు. చిక్కంతా అక్కడే వచ్చింది. విగ్రహం ముందు మా అమ్మాయి నిలబడదనీ, తప్పదంటే టీసీ ఇప్పించమనీ నాన్న కబురు చేశారు. టీసీ తీసుకుంటే నాకు చదువు లేదు. మా పల్లెకు అందే దూరంలో ఆడపిల్లలకు హైస్కూలూ, హాస్టలూ కలిసి ఉన్న చోటు మరొకటి లేదు.

రెండో ర్యాంకు కోరుకొండ రైతుబిడ్డ లలితది. ఆమెకు నా బాధ ఎంతకీ అర్థం కాలేదు. "మా ఇంట్లో అంతమంది దేవుళ్ళున్నారు. ఇంకో అమ్మవారికి పూలు పెడితే వాళ్ళేమైనా అలుగుతారేంటే?" అనేది. ఆమె చేత పెట్టించి, నాకు జ్వరమని మైకులో చెబితే గొడవ వదిలిపోతుందని టీచర్లలో కొందరు సలహా ఇచ్చారట. సిస్టర్ గారు ఒప్పుకోలేదు. నాన్నను పిలిపించారు.

నాన్న ఇస్త్రీ చొక్కాతో వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోలేదు. తన మనస్సాక్షి సంగతి వినయంగానే చెప్పారు. సిస్టర్ గారు అడ్డు రాకుండా విన్నారు.

"మాస్టారూ, మీ అమ్మాయికి వచ్చిన ర్యాంకు నేను దాచను. జ్వరమని అబద్ధమాడను. ఆ పిల్ల మనసు విరిచి నిచ్చెనెక్కించను. ఈ మూడింటికీ కుదిరే దారి ఒకటుంది. ఏటా నిచ్చెన మా వాచ్‌మన్ పట్టుకుంటాడు. ఈసారి మీ కృప పట్టుకుంటుంది, లలిత ఎక్కుతుంది. నిచ్చెన పట్టుకోవడం పూజ కిందకి వస్తుందాండి?"

"నిచ్చెన గట్టిదేనాండి?" అని నాన్న అడిగారు. అడిగి ఊరుకోలేదు, వెనక కొట్టంలోకి వెళ్ళి స్వయంగా ఊపి చూశారు. ఒక మెట్టుకు తాడు కట్టించాలన్నారు. కట్టించారు.

పండుగనాడు ఫాదర్లూ, తల్లిదండ్రులూ నిండిన ఆవరణలో సిస్టర్ గారు మైకు ముందుకు వచ్చారు. మొదటి ర్యాంకు కృపామణిదనీ, ఆమె లూథరన్ విశ్వాసం ప్రకారం కిరీటం పెట్టదనీ, పెట్టే స్నేహితురాలు పడిపోకుండా కాపు కాస్తుందనీ ఉన్నదున్నట్టు చెప్పారు. ముందు వరుసలో ఒక పెద్దాయన ముఖం ముడుచుకోవడం నాకు కనిపించింది. లలిత ఎక్కింది. పైకి చేరాక గూటి అంచు పట్టుకుని ఆగింది.

"గట్టిగా పట్టుకోవే, కళ్ళు తిరుగుతున్నాయి."

"పట్టుకున్నాను. నువ్వు కిందకి చూడకు."

కడిగిన రాతి మెట్టు ఇంకా ఆరలేదు. నిచ్చెన కాలు ఒకటి కొంచెం జారింది. ఎక్కడి నుంచి వచ్చారో, పండుగకు రానని చెప్పిన నాన్న నా పక్కకు వచ్చి ఆ కాలికి తన చెప్పు అడ్డం పెట్టి నిలబడ్డారు. లలిత కిరీటం పెట్టి దిగేవరకు ఆయన తల పైకెత్తలేదు, పాదం తీయలేదు. సిస్టర్ గారు అంతా చూశారు.

సాయంత్రం నాన్న రైలెక్కబోతూ, ఆవిడ మన సంఘంలో పుట్టి ఉంటే ఎంత బాగుండేదని నాతో అన్నారు. ఆవిడ కూడా మీ గురించి అదే అనుకుంటారేమో అన్నాను. ఆయన నవ్వారు. టీసీ మాట మళ్ళీ రాలేదు. నేను ఆ బడిలోనే పదో తరగతి పూర్తిచేసి కాలేజీకి వెళ్ళాను. తరవాతి ఉద్యోగం, జీతం, నా పేరున నేను బతికిన బతుకు అక్కడి నుంచే మొదలయ్యాయి.

సిస్టర్ ఫిలోమినా గారు ఇప్పుడు లేరు. ఆవిడ నాకు నేర్పిన లెక్కల్లో చాలావరకు మరిచిపోయాను. ఆఫీసులోగాని, మా చర్చి స్త్రీల సమాజంలోగాని, ఫలానావారు మన పద్ధతికి ఒప్పుకోరు, పక్కన పెట్టేద్దాం అన్న మాట వచ్చినప్పుడు మాత్రం నేను వెంటనే తలూపను. వారు మనస్సు చంపుకోకుండా చేయగల పని ఏదైనా ఉందా అని అడుగుతాను. దాదాపు ప్రతిసారీ ఉంటుంది. 'దాదాపు' అన్నది చూసుకునే రాశాను. లేకపోయిన సందర్భాలు నాకు రెండే గుర్తు. ఆ రెండుసార్లూ నేను అడిగేసరికే వాళ్ళు వెళ్ళిపోయారు.