ముందు సీటు

తాగి బండి నడిపాడని జంగయ్య అత్తగారి ఊళ్లో పదిమందీ కూర్చుని తేల్చేశారు. ఆ రోజు అతను చుక్క ముట్టలేదు. దేవరకొండ దగ్గర వాలులో అతని పాత జీపుకు బ్రేకులు పడలేదు, పక్కన కూర్చున్న భార్య సుగుణ చెయ్యి విరిగింది. జంగయ్య నోరు వాసన చూశారు గానీ, బండిని చూసినవాడు ఒక్కడూ లేడు. సుగుణను పుట్టింటివాళ్లు మళ్లీ పంపలేదు.

ఎల్బీనగర్‌లోని తన మెకానిక్ షెడ్డులో ఊరివాళ్ల బండ్లు బాగుచేయగా మిగిలిన పొద్దంతా అతను ఆ జీపు కిందే ఉంటాడు. పాత డ్రమ్ము బ్రేకులు విప్పేసి ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు బిగించాడు. గ్రీజు చేతులు లుంగీకి తుడుచుకుంటాడు, ముందు సీటును మాత్రం ఉతికిన గుడ్డతో తుడుస్తాడు. తెలంగాణ బంద్ అంటే అతనికి పండగ. దిల్‌సుఖ్‌నగర్ దాకా రోడ్డు ఖాళీ. వేగంగా పోయి, స్టీరింగ్ వదిలి బ్రేకు తొక్కుతాడు. బండి ఒక పక్కకు లాగిందా, మళ్లీ షెడ్డుకే.

మొన్నటి బంద్‌లో జెండాల కుర్రాళ్లు జీపు ఆపారు.

"ర్యాలీకి పోవాలె, ఎక్కుతున్నమే అన్నా!"

"ఎనక ఎక్కుండ్రి." ముందు ఎక్కబోయినవాడికి చెయ్యి అడ్డం పెట్టాడు. "గది మా ఇంటామె సీటు."

"ఏడున్నది వదినె?"

"ఒస్తది."

"తెలంగాణ గూడ ఒస్తదనే అంటున్నరు గదనే!" అని వాళ్లు నవ్వారు. అతనూ నవ్వాడు. అందరూ వెనకే ఇరుక్కుని పోయారు.

నాదీ సుగుణ వాళ్ల ఊరే. చివరిసారి కలిసినప్పుడు నేను ఊరికి పోవడానికి దేవరకొండ బస్సు కోసం నిలబడి ఉన్నాను. జంగయ్య గ్రీజు చేతులతోనే వచ్చాడు.

"తమ్మీ, ఆమె కనపడితే రమ్మని చెప్పకు. గిప్పుడు బండి ఆగుతదని జర చెప్పు, సాలు."