పక్కన కూసున్నోడు

మా కాక పోయాడు. మొన్న పొద్దున షిఫ్టు సైరన్ మోగుతుండగా, దవాఖానలో. గోదావరిఖనిలో బొగ్గుబాయిలో పనిచేస్తూ, పెళ్ళిళ్ళలో క్లారినెట్ ఊదిన మనిషి. ఆయన గురించి నాలుగు మెత్తని మాటలు రాద్దామని కూర్చున్నాను. చేతకావడం లేదు. పట్నంలోని వాద్యకారుల సంఘంవాళ్ళు పత్రికలో వేయించిన సంతాపం చదివిన దగ్గర్నుంచి ఒళ్ళు మండిపోతోంది. "మా సంఘానికి వన్నె తెచ్చిన సభ్యుడు" అట! చచ్చినవాడి కళ్ళు చారెడు అని ఊరికే అనలేదు.

నాకు పాట నేర్పింది కాకే. బాయిలోంచి ఎక్కి వచ్చాక స్నానం కంటే ముందు నోరు పుక్కిలించేవాడు. ఉమ్మిన నీళ్ళలో నలుపు పోయేదాకా క్లారినెట్ ముట్టేవాడు కాదు. "నోట్ల బొగ్గుంటే పాట గూడ నల్లగైతది బిడ్డా" అనేవాడు. క్లారినెట్ రీడును నాలుక మీద నానబెట్టుకునే మాట్లాడేవాడు కాబట్టి సగం మాటలు అర్థమయ్యేవి కావు. "ముందుగాల ఆ పుల్ల తీసి మాట్లాడు మరిదీ" అని మా అమ్మ కసిరేది.

ఆ రోజుల్లో పట్నంలో రికార్డింగులకు వాయించాలంటే సంఘం కార్డు ఉండాలి. లేనివాడు ఎంత బాగా ఊదినా గేటు దగ్గరే ఆగిపోవాలి. కాక సెలవు దొరికినప్పుడల్లా రామగుండంలో రైలెక్కి, ఆ సంఘం ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. చివరికి కార్డు వచ్చిన రోజు వాడంతా మిఠాయి పంచాడు. నౌకరీ వదిలేస్తానన్నాడు. మా నాన్న లబలబలాడాడు.

"ఫికర్ చెయ్యకు అన్నా. సంఘంల పేరు పడ్డది. నాకేమన్న అయితె అందరు నిలబడ్తరు."

ఆయన అలా నమ్మడానికి కారణం ఉంది. మా బాయిలో ఒకడు నింపిన బొగ్గు టబ్బును కూలి లెక్కలోంచి అన్యాయంగా కొట్టేస్తే, ఆ వరుసలో వాళ్ళంతా తట్టలు కింద పెట్టేస్తారు. ఎవరూ పిలవనక్కరలేదు, నినాదం ఇవ్వనక్కరలేదు. కాకకు తెలిసిన సంఘం అదే.

పట్నంలో కొన్నాళ్ళు బాగానే సాగింది. ఒకరోజు రికార్డింగులో, పక్కన కూర్చున్న తబలా ఆయన్ని మధ్యలో లేపేశారు. ఇంకొకర్ని పిలిపిస్తున్నాం, నువ్వు పో, పొద్దటి నుంచి వాయించినదానికి కూలి కూడా లేదు అన్నారు. అన్నది ఎవరనుకున్నారు? సాక్షాత్తు సంఘం అధ్యక్షుడు. రికార్డింగులకు మనుషుల్ని కుదిర్చి పెట్టేది కూడా ఆయనే.

కాక క్లారినెట్ నేలమీద పెట్టాడు.

"అందరు పెడ్తరనుకున్న బిడ్డా" అని తర్వాత నాతో అన్నాడు. ఒక్కడు పెట్టలేదు. అందరి జేబుల్లోనూ అదే కార్డు. ఒకాయన ఫిడేలు తీగలు సవరించుకున్నాడట. ఒకాయన కిటికీలోంచి బయటికి చూశాడట. సాయంత్రానికల్లా కాక పేరు సంఘంలోంచి కొట్టేశారు. ఆ తర్వాత పట్నంలో ఏ తలుపూ ఆయనకు తెరుచుకోలేదు.

తిరిగొచ్చేసరికి పాత నౌకరీ పోయింది. ఎవరైనా రానినాడు పిలిచే బదిలీ పనికి మళ్ళీ బాయిలోకి దిగాడు. అంతటి ఊపిరిని ఆ దుమ్ముకే అప్పగించారు. నా కడుపు మండేది అందుకే.

"ఆయిన నీకు సుట్టమా కాకా? నీకెందుకు గదంత?" అని ఒకసారి గట్టిగానే అడిగాను.

"సుట్టమెట్లయితడు? పక్కన కూసున్నోడు."

ఇంకేమైనా చెబుతాడేమోనని చూశాను. రీడు నోట్లో పెట్టుకున్నాడు. లోకం తెలియని మనిషి అని మా వాడలోనే కొందరన్నారు. వాళ్ళతో నేను ఇప్పటికీ కొట్లాడతాను.

అంతిమయాత్ర రోజున కాక దగ్గర నేర్చుకున్న బ్యాండువాళ్ళంతా వచ్చారు. తర్వాతి కాలంలో కాకకు ప్రాణ స్నేహితుడైన ఆ తబలా చాచా కూడా పొద్దుటి రైలుకు దిగి, అరుగు మీద కూర్చున్నాడు. అప్పుడే ఇంటి ముందు కారు ఆగింది. అదే అధ్యక్షుడు. చేతిలో చామంతుల దండ, దానికి సంఘం పేరు రాసిన రిబ్బను.

చాచా మోకాళ్ళు పట్టుకుని లేచాడు. "ఆ దినం నేను బయటికి పోయిన సాబ్. ఇయాల నువ్వు పో."

అధ్యక్షుడు నవ్వబోయి, బ్యాండు వైపు తిరిగాడు. "మీరు వాయించండయ్యా, ఆలస్యమవుతోంది."

డోలు కింద పెట్టారు. ట్రంపెట్ కింద పెట్టారు. క్లారినెట్లన్నీ మట్టిలో పెట్టారు. ఎవరూ ఎవరినీ పిలవలేదు. వాడ మొత్తం చూస్తూ నిలబడింది. ఆయన దండను మా ప్రహరీ గోడ మీద పెట్టి కారెక్కాడు.

కాకా, అందరూ పెట్టారు. నువ్వు చూడలేదు. ఆ మాట తలుచుకుంటేనే నాకు ఏడుపూ కోపమూ కలిసి వస్తున్నాయి.

కారు మలుపు తిరిగాక క్లారినెట్లు లేచాయి, పాడె కదిలింది. నేను వెనక్కి తిరిగి చూసేసరికి పక్కింటి మేక గోడమీద ముందుకాళ్ళు వేసి నిలబడింది. చామంతులు అప్పటికే తినేసినట్టుంది. రిబ్బను నములుతోంది.