వీపు మీద లేని మచ్చ

కరీంనగర్‌లో డాక్టరు బల్ల మీద రెండు పరికరాలు పక్కపక్కన పెట్టి చూపించాడు. ఒకటి చిటికెన వేలంత లావు, నిటారుగా ఉంది. వీపుకు చిన్న రంధ్రం చేసి దాన్ని నేరుగా కిడ్నీలోకి దింపుతారు. రెండోది సన్నగా ఉంది, కొస అటూ ఇటూ వంగుతుంది. దాన్ని మూత్రం వచ్చే దారిలో పైకి పంపి, లేజరుతో రాయిని పొడి చేస్తారు. రాయి పెద్దదైతే మొదటిది, చిన్నదైతే రెండోది. నాది చిన్నది.

ఆపరేషన్ అయ్యాక చొప్పదండిలో అత్తగారింటికి పోతే అందరూ చుట్టూ చేరారు. "ఏడికెల్లి తీసిండ్రు బావా?" అని బామ్మర్ది అడిగాడు. అతను నా భార్య తమ్ముడు, మరమగ్గాల మీద, అక్కడి మాటలో సాంచాల మీద, కూలికి నేస్తాడు. ఎదురుగా అత్తమ్మ, మరదళ్లు కూర్చున్నారు. ఆ దారి పేరెత్తడానికి నాకు నోరు రాలేదు.

"ఈపుకెల్లి," అన్నాను.

నిజం తెలిసిన నా భార్య ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది.

అక్కడితో ఆగినా బాగుండేది. పెళ్లిళ్లలో ఎవరు రాళ్ల మాటెత్తినా ఈ రెండు పద్ధతుల తేడా నేనే చెప్పేవాణ్ణి. లేజరు గురించి చదివినవాడిలా, వీపు గురించి అనుభవించినవాడిలా.

తర్వాత బామ్మర్దికీ రాయి వచ్చింది. చిన్నదే, లేజరుతో తీశారు. మూత్రం అడ్డుపడకుండా లోపల ఒక సన్నని పైపు వదిలి, కొన్ని వారాలకు వచ్చి తీయించుకోమన్నారు. అది మామూలే. నాకూ పెట్టారు. పెద్దపల్లిలో పనుందని ఇంట్లో చెప్పి, ఒక్కణ్ణే కరీంనగర్ పోయి తీయించుకున్నాను.

అతను ఫోన్ చేశాడు. "బావా, పైపు తీస్తందుకు మళ్ల గా తొవ్వకెల్లే పోవాల్నట. నొప్పి సంగతి పక్కకు వెట్టు, నర్సమ్మల ముంగట ఇజ్జత్ పోతది. నీకు సుత పెట్టిండ్రా?"

పెట్టారంటే, ఎక్కడి నుంచి తీశారని అడుగుతాడు.

"నాకేం పెట్టలే," అన్నాను.

"మరి నాకెందుకు? ఉంటే ఉండనీ, ఏం జేస్తది."

నేను మాట్లాడలేదు. దాన్నే అతను జవాబనుకున్నాడు.

ఏడాది దాటాక జ్వరం, మూత్రంలో రక్తం. స్కానింగులో చూస్తే పైపు చుట్టూ రాయి పేరుకుపోయి కిడ్నీ వాచింది. నిలుస్తుందో లేదో అది తీశాకే చెబుతామన్నారు. ఈసారి రెండు పరికరాలూ కావాలి. కింది నుంచి లేజరు, వీపు నుంచి ఆ లావుది.

ఆపరేషన్ రోజు పొద్దున వార్డులో అతను నా చేయి పట్టుకున్నాడు. "ఈపుకెల్లి జేస్తే నీకు ఎన్ని దినాలు నొప్పి లేసింది బావా? సాంచాల కాడ నిలవడాలె గద నేను."

ధైర్యం చెప్పమని అడుగుతున్నాడు. నేను అటు తిరిగి అంగీ పైకెత్తాను. వీపు మీద గీత కూడా లేదు. అతని మొహం చూడలేక గోడకే అంతా చెప్పాను, పైపు సంగతితో సహా.

నా భార్య చాయ్ పట్టుకొచ్చి తలుపు దగ్గరే ఆగింది. "తమ్ముడు ఫోన్ల నిన్నడిగిండా?" అన్నది. అవునన్నాను. ఆమె చాయ్ నా చేతికివ్వకుండా కిటికీలో పెట్టింది.

బామ్మర్ది అన్నాడు. "అంగీ దించుకో బావా. సలి వెడ్తది."

కిడ్నీ నిలిచింది గానీ సగమే పనిచేస్తోంది. పూర్తి షిఫ్టు నిలబడలేక, ఇప్పుడు సగం పూటే పనికి పోతున్నాడు.

మొన్న ఒక పెళ్లి భోజనాల దగ్గర ఎవరో రాళ్ల మాటెత్తారు. అతను బంతి అవతలి నుంచి, అందరికీ వినబడేలా అన్నాడు. "మా బావనడుగుండ్రి. ఏడికెల్లి తీసిండ్రో సక్కగ చెప్తడు."

వడ్డించే ఆడవాళ్లు ఆగి నావైపు చూశారు. విస్తరి ముందు తల దించుకునే చెప్పాను. ఎక్కడి నుంచి తీశారో, లోపల ఏం పెట్టారో, దాన్ని మళ్లీ ఏ దారిన తీశారో.