ఏనుగు ముందు అత్త పాట

మా మేనత్తకు అరవై తొమ్మిదేళ్లు. బర్మాలో, యాంగోన్‌లోని పజుండౌంగ్ పేటలో పుట్టి, అక్కడే బట్టలు కుట్టి మమ్మల్ని పెంచింది. మా తమ్ముడు జాంబియాలో, ఊళ్లకు చాలా దూరంగా ఉన్న ఒక అభయారణ్యం అంచున, సఫారీకి వచ్చేవాళ్లు దిగే విడిదిలో వంటవాడు. పనివాళ్ల ఇంటివారిని ఏడాదికోసారి వారం రోజులు అక్కడ ఉండనిస్తారు. "అత్తని తీసుకొచ్చీ అక్కా" అని వాడు ఫోన్ చేసిన రోజునుంచి, మా చర్చిలో ఎవరు ఎదురైనా సింహాన్ని చూడ్డానికి వెళ్తున్నానని చెప్పడం మొదలుపెట్టింది. అప్పటికింకా ఆమెకు పాస్‌పోర్టే లేదు.

మూడు విమానాలు మారి, నాలుగు గంటలు జీపులో కుదుపులు తిని విడిది చేరాం. దిగగానే అత్త, ఎదురొచ్చిన గైడును చూపిస్తూ నా భుజం పొడిచింది.

"ఒలమ్మీ, ఎన్ని గంటలకి ఒగ్గుతారో ఆయన్నడుగు."

"ఏటి ఒగ్గుతారు?"

"జంతువుల్నే. మన జూలోనాగ బోన్లుంటాయి కదేటి?"

ఇక్కడ బోన్లు లేవని, జంతువులు వాటి ఇష్టం వచ్చినట్టు తిరుగుతాయని, మనమే కదలకుండా జీపులో కూర్చోవాలని చెప్పాను. అక్కడ నిలబెట్టిన సఫారీ జీపుకు తలుపులు, అద్దాలు లేవని అప్పుడు గమనించింది. "ఆమలే!" అని బర్మా మాటలో అమ్మో అంటూ గుండె పట్టుకుంది.

గైడు నడివయసు మనిషి, నెమ్మదస్తుడు. మెరిసే రంగులు వద్దన్నాడు, మాట్లాడొద్దన్నాడు. అత్త తెచ్చుకున్నవి, బర్మాలో ఆడవాళ్లూ కట్టే లుంగీలు, అన్నీ ఎరుపూ పసుపూ. తమ్ముడు తన మట్టిరంగు కోటు తొడిగితే అద్దంలో చూసుకుని, "ట్రాఫిక్ పోలీసు నాగున్నాను" అంది. మాట్లాడకూడదన్న సంగతి మాత్రం చెవికెక్కించుకోలేదు. కనబడిన ప్రతి జింకనూ చూపించి, "దీన్నిక్కడ తింటారా?" అని అడిగేది. రెండోరోజు సింహం దొరికింది గానీ, పొదలోంచి దాని వెనక కాలు ఒక్కటే కనిపించింది. అరగంట కాచుకున్నాం. కాలు కదల్లేదు.

మూడోరోజు పొద్దున్న ఒక మలుపు తిరిగేసరికి దారికి అడ్డంగా ఆడ ఏనుగు, పక్కన దాని గున్న. గైడు ఇంజిన్ ఆపి, పెదాల మీద వేలు పెట్టాడు. ఏనుగు చెవులు విప్పి మావైపు రెండడుగులు వేసింది. అత్త నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి వణుకుతోంది. నోట్లోంచి సన్నగా తెలుగు కీర్తన బయల్దేరింది. నేను ఆమె వేళ్లు నొక్కాను. నొక్కినకొద్దీ గొంతు పెరిగింది. మాతోపాటు సఫారీకి వచ్చి వెనక సీటులో కూర్చున్న దంపతులు కళ్లు మూసుకున్నారు.

ఇక అయిపోయామనుకుంటుండగా ముందు సీటులోంచి అదే రాగం వినబడింది. గైడు, ఏనుగు మీదనుంచి చూపు తిప్పకుండా, తన భాషలో అందుకున్నాడు. చిన్నప్పటి నుంచి వాళ్ల చర్చిలోనూ అదే రాగమట.

ఏనుగు కాసేపు నిలబడి, తీరుబడిగా పేడ వేసి, గున్నను తోలుకుని చెట్లలోకి వెళ్లిపోయింది.

"సూసినావా, రెండో సరణానికే ఎల్లిపోనాది" అంది అత్త.

ఆ మాట నేను ఇంగ్లీషులో చెబితే గైడు చొక్కాతో ముఖం తుడుచుకున్నాడు. "అది ఎలాగూ వెళ్లిపోయేదే. దయచేసి రేపు పాడొద్దని చెప్పండి. నేనూ పాడను" అన్నాడు. సాయంత్రం మాత్రం వంటింటి గుమ్మంలో అత్తా అతనూ కూర్చుని ఆ కీర్తనలో ఒకరి మాటలు ఒకరికి నేర్పుకున్నారు. వాళ్ల మధ్య ఉమ్మడి భాష ఒక్క ముక్క లేదు.

యాంగోన్ తిరిగొచ్చిన ఆదివారం పాస్టరు గారు అత్తను సాక్ష్యం చెప్పమన్నారు. పులకించిపోతూ లేచింది. ఆమె చెప్పేసరికి ఒక ఏనుగు పదయ్యింది. వెనక బెంచీలోంచి ఒకాయన, "మరి సింహమో?" అన్నాడు.

"నిద్రోతంది. పాపం, లేపడం బాగోదని ఒచ్చేసినాం."

అందరూ నవ్వారు. చేతులు వణికిన సంగతి ఆమె చెప్పలేదు. నేనూ చెప్పలేదు. నిజానికి ఆ పూట నా చేతులు ఇంకా ఎక్కువ వణికాయి.