మస్తాను మామ గీసిన కుర్చీ

పోయిన వారం పాత ట్రంకుపెట్టె అడుగున పరిచిన కాగితాలు ఎత్తితే, కలరా ఉండల వాసనతో పాటు పెన్సిలుతో గీసిన కుర్చీ బొమ్మ ఒకటి బయటపడింది. ఏడేళ్ళ వయసులో నేను గీసిందే. కొలతలతో సహా, స్కేలు లేకుండా, ఒక్క ఊపులో.

సరే, ఆ ఊపు నాది కాదు. జమ్మలమడుగులో మా ఇంటికి పనికొచ్చే వడ్రంగి మస్తాను మామది. నేను గీసింది ఒక్క గీత.

మోకాళ్ళ నొప్పులతో కింద కూర్చోలేని మా అవ్వకు కుర్చీ చేయించాలని నాయన ఆ ఎండాకాలం ఆయన్ను పిలిపించాడు. చిత్రిక పట్టిన వేపపొట్టు చేదు వాసనా, అమ్మ వేయిస్తున్న చెనక్కాయల కమ్మదనమూ కలిసిపోయిన వసారాలో, పురికొస ఒక కొస అవ్వ చేతికిచ్చి మోకాలి ఎత్తు కొలిచి, చెవి మీది పెన్సిలు తీసి గీశాడు మామ. నీడల్లేవు, సోకుల్లేవు. మూడు కాళ్ళు నిండు గీతలు, వెనక కనబడని నాలుగోది చుక్కలు. చెయ్యి ఆనించే చోట మాత్రం గీత కాస్త వంగింది, అవ్వ మోచేయి అప్పుడే అక్కడ ఆనినట్టు.

నాకు కడుపు మండింది. అన్నాళ్ళూ చాప మీద అవ్వ పక్కన, ఆమె కొంగు కింద నా చోటు. కుర్చీలో ఒక్కరే పడతారు. మామ అన్నానికి పోయినప్పుడు ఆ పెన్సిలుతోనే, కుర్చీ చేతికి జానెడు అవతల ఇంకో గీత గీశాను. గీసింది చెరపడం మామకు అలవాటు లేదు. గీత పడితే మాటిచ్చినట్టే ఆయనకు.

"ఏందిరా ఇది? కుర్చీని యాడికి పెంచినావు?"

"నేనూ కూచుంటా మామా."

"మీ నాయన తిడితే?"

"నువ్వే గీసినావని చెప్పు."

"ఓరి దొంగోడా! శానా తెలివిమంతుడివే!"

"జానెడు కొయ్యే గదప్పా మస్తానూ, చెయ్యి" అంది అవ్వ.

కుర్చీకి ఎక్కువా, బెంచీకి తక్కువా అయిన ఆ వింతను చూడ్డానికి జిల్లా అంతా వచ్చింది. కాదులెండి, పక్కింటివాళ్ళు వచ్చారు. నేను పెరిగి అందులో పట్టకపోయాక కూడా, ఆ జానెడు చోటులో అవ్వ తమలపాకుల పెట్టె అయినా పెట్టనిచ్చేది కాదు.

అవ్వ లేదు, మామ లేడు, కుర్చీ చెదల పాలైంది. ఇంటికొచ్చి, మనిషిని కొలిచి, కాగితం మీద గీసి చూపేవాళ్ళు ఇప్పుడు యాడా కనబడరు. నిన్న ప్రొద్దుటూరులో కుర్చీ కొనబోతే అంగడివాడు ఫోనులో బొమ్మలు జరుపుతూ, "ఎంతమంది కూచుంటారు పెద్దాయనా?" అన్నాడు.

ఇంట్లో ఉండేది నేనొక్కణ్ణే.

"ఇద్దరం" అన్నాను.